నేను పెరికించిన కలివి

కడప జిల్లాకు పోతున్నానని చెప్పగానే మా ఇంట్లో అందరికీ నా మీద జాలి పుట్టింది. మా ఆవిడ కూజా నిండా నీళ్లు పోసి, అది చాలదన్నట్టు మరచెంబు కూడా నింపి ఇచ్చింది. మా బావమరిది, "రోహిణి ఎండల్లో అక్కడ ఏం చూస్తారు బావా, రాళ్లు తప్ప" అన్నాడు. కాలవగట్టు మీద పుట్టి కాలవగట్టు మీదే పెరిగిన మనిషికి రాళ్లంటే చులకన. నాకూ అంతే ఉండేది, దాచడం ఎందుకు.

నేను పోయింది రాళ్లు చూడటానికి కాదు, నా ప్రతాపం చూసుకోవటానికి. నేను హైస్కూలు పంతుల్ని. నాలుగెకరాల మాగాణి ఉంటే కౌలుకిచ్చాను. నాగలి పట్టిన చేయి కాదు నాది. అయినా వ్యవసాయం మీద పత్రికలకు వ్యాసాలు రాయడానికి ఎన్నడూ జంకలేదు. అవి చదివి నన్ను నమ్మినవాడు ఒకే ఒక్కడు, ఓబుల్‌రెడ్డి. మదరాసులో చదువుకునే రోజుల్లో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. లంకమల కొండల కింద తన మెట్టచేనికీ కొండకూ నడుమ పొడుగాటి గట్టు ఉందనీ, దానినిండా ముళ్లపొదలున్నాయనీ, ఏం చేయమంటావనీ అతను రెండేళ్ల కిందట అడిగాడు. నేను ఎనిమిది కాగితాల జాబు రాశాను. ఆ పనికిమాలిన పొదలు ఎలుకలకూ పందులకూ ఇళ్లు, వేళ్లతో సహా పెరికించి ఆ మేరకు వేరుశనగ వేయమని. సగం గట్టు అయింది, మిగతా సగం ఈ వేసవిలో చేయిస్తాను, వచ్చి చూడమని అతను పిలిచాడు. సెలవులివ్వగానే బయలుదేరాను.

కర్నూలులో ఉగ్గాని

దారి కాకపోయినా తుంగభద్రను చూడాలని ముందు కర్నూలులో దిగాను. నది ఇసుకలో దాక్కుని ఉంది. చెలమలు తోడుకుంటున్న ఆడవాళ్లు నా కూజా చూసి నవ్వారు. నీళ్లు మోసుకుని నదికి వచ్చిన మనిషిని వాళ్లు అంతకు ముందు చూసి ఉండరు.

బురుజు దగ్గర ఒక పూరిపాక హోటల్లో ఉగ్గాని తిన్నాను. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయా పుట్నాలపొడీ వేసి తాలింపు పెడతారు. మన వైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి. వీళ్లకు పొద్దుటి పలహారం. అణాకు దొప్పెడు, పక్కన మిరపకాయ బజ్జీ. హోటలాయన నా మాట విని కోస్తావాడినని పసిగట్టి, "గుంటూరు పక్కనోళ్లకి మా మిరక్కాయ ఆనతాదా అప్పా?" అని ఆరా తీశాడు, అంటే ఆ కారం మాకు సరిపోతుందా అని. ఆనుతుందని చూపించడానికి మూడు తిన్నాను. నాలుగోది తినకుండా ఉండాల్సింది. కూజాలో నీళ్లు అప్పుడు పనికొచ్చాయి.

ఓర్వకల్లు రాళ్ల మధ్య

యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువై బస్సులకు వెనకాల బొగ్గు పొయ్యిలు తగిలించారు. నంద్యాల పోయే మా బస్సు ఓర్వకల్లు దగ్గర ఎత్తు ఎక్కలేక ఆయాసపడి ఆగిపోయింది. డ్రైవరు పొయ్యి కెలకడం మొదలుపెట్టాడు. అందరం దిగి రాళ్ల నీడలో కూర్చున్నాం. ఇంత ఎండలో ఆ బండల సందుల్లోంచి ముదురు పచ్చని పొదలు తొంగి చూస్తుంటే ఆశ్చర్యమేసింది. చుట్టూ గడ్డి గోధుమరంగుకు తిరిగిపోయింది, ఆ పొదలు మాత్రం నిన్న వాన పడ్డట్టు ఉన్నాయి.

నా పక్కన కూర్చున్న పెద్దామె ఒళ్లో గంప ఉంది. మోదుగాకులు కప్పిన గంప. ఆకు తీసి నాకు దోసెడు నల్లటి పండ్లు పెట్టింది. కలివి పండ్లు, ఆ పొదలవే. నంద్యాలలో ఇంటింటికీ తిప్పి, గంపెడు పండ్లకు గంపెడు జొన్నలు తీసుకుంటుందట. ఒకటి నోట్లో వేసుకున్నాను. పులుపూ తీపీ కలిసి, మన వాక్కాయకు చెల్లెలి వరస అనిపించింది. ఆత్రంలో సగం పచ్చివి కూడా నమిలాను. వాటి పాలకు పెదవులు రెండూ అంటుకుపోయాయి. నేను నోరు తెరవలేక తిప్పలు పడుతుంటే బస్సు బస్సంతా వేడుక చూసింది. కంగారులో చేతిలో పండ్లు చిదిమి తెల్ల చొక్కాకు పూసుకున్నాను. ముదురు ఊదా రంగు.

"అది పోదప్పా. చొక్కా చినగాల, అప్పుడు పోతాది" అందామె.

ఓబుల్‌రెడ్డి గట్టు మీద ముళ్లపొదలు ఇవేనేమో అన్న అనుమానం నాకు అక్కడే రావలసింది. రాలేదు. నా బుద్ధి అంతా పెదవుల మీదే ఉంది.

చెన్నమ్మ సంగటి

మైదుకూరు దాటి బద్వేలు దారిలో దిగేసరికి ఓబుల్‌రెడ్డి ఎద్దులబండితో నిలబడి ఉన్నాడు. ఊరి పేరు రాయవద్దన్నాడు కాబట్టి రాయను. కుశల ప్రశ్నలయ్యాక అతను మొదట చెప్పిన మాట, ఆ జాబు రాసింది నేనని ఇంట్లో అనవద్దని. అతన్ని చిన్నప్పటినుంచీ పెంచిన మేనత్త చెన్నమ్మకు ఆ జాబంటే ఒళ్లు మంట. "నువ్వే అని తెలిస్తే మా అత్త నీకు సంగటి పెట్టదప్పా" అన్నాడు. నవ్వులాటకు అన్నాడనుకుని సరేనన్నాను.

చెన్నమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. మనిషి సన్నం, గొంతు గట్టి. పంతుల్ని ఆ ఊళ్లో అయివారంటారు. "అయివారికి సంగటి కొత్త గదా" అని జొన్న సంగటి ముద్ద చిన్నది చేసి, నడుమ గుంట పెట్టి నెయ్యి పోసింది. పక్కన చెనిక్కాయల ఊరిమిండి, అంటే వేరుశనగ పచ్చడి. ఇంకో నల్లటి పచ్చడి ఉంది, కారం, పులుపు, చివర ఎక్కడో చిన్న తీపి. మూడుసార్లు వేయించుకున్నాను. ఏం పచ్చడని అడిగాను.

"కలివికాయ, నాయనా. ఈ ఏడే ఆఖరు. వచ్చే ఏడు మా గట్టు మీద కాయ ఉండదు" అంది. ఆ పైన మొదలుపెట్టింది. "కోస్తాలో ఎవుడో పెద్ద చదువులోడు ఉండాడంట. కలివి పెరకమని ఎనిమిది కాయితాలు రాసినాడంట. వానికి పెండ్లాం బిడ్డలు లేరేమో నాయనా, అంత పొద్దు పోక."

"ఉంటారులే అమ్మా" అన్నాను. ఓబుల్‌రెడ్డి దగ్గు వచ్చినట్టు నటించి బయటికి పోయాడు. నేను తేలు కుట్టిన దొంగలా సంగటి మింగుతూ కూర్చున్నాను. ఆమె నాలుగోసారి పచ్చడి నేను అడగకుండానే వేసింది. అంతగా మనసు నొప్పించిన పచ్చడి నేనింతవరకు తినలేదు.

గట్టు మీద

మర్నాడు తెల్లవారగానే చేనికి పోయాం. నా ఊహలో అది అయిదారు పొదలున్న మామూలు గట్టు. తీరా చూస్తే కొండ వాలుకు అడ్డంగా రెండు ఫర్లాంగుల పొడుగున, రొమ్మెత్తున, కొమ్మలో కొమ్మ దూరి అల్లుకున్న కలివి. చివరి పూలు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి, మల్లె వాసన. తేనెటీగల రొద. మేము దగ్గరికి పోగానే కంజు పిట్టలు పిల్లలతో బిలబిలా పొదల కింద దూరాయి. ఒక చెవులపిల్లి మమ్మల్ని నింపాదిగా చూసి మరీ పోయింది. మనం కుందేలనేదాన్ని వాళ్లు అలా అంటారు, నాకు ఆ పేరే నచ్చింది.

ఇది ఉత్తరపు సగం. దక్షిణపు సగం నా జాబు చదివిన సగం. అక్కడ గుంతలూ ఎర్రమన్నూ ఎండిన వేళ్ల కుప్పలూ తప్ప ఏమీ లేవు. పోయినేడు అక్కడ వేసిన చెనిక్కాయను అడవిపందులు ముళ్ల అడ్డం లేక నేరుగా కొండదిగి వచ్చి తవ్వుకుపోయాయని ఓబుల్‌రెడ్డి నెమ్మదిగా చెప్పాడు. జాబులో ఈ సంగతి ఎందుకు రాయలేదని అడిగితే, నువ్వు నొచ్చుకుంటావని రాయలేదన్నాడు. నాకు అతన్ని తిట్టాలో కావలించుకోవాలో తెలియలేదు.

అయితే మిగతా సగం ఎందుకు పెరికిస్తున్నావంటే, అసలు చిక్కు అప్పుడు బయటపడింది. కొండకింది పాలెం నుంచి పదిమంది కూలీలను మాట్లాడి, పని ఖాయమన్న గుర్తుగా వక్కాకు ఇచ్చేశాడు. ఆ వైపు వక్కాకు ఇచ్చాక పని లేదని చెప్పడమంటే మనిషి మొహం మీద తలుపు వేయడమే. బేస్తవారం గడ్డపారలతో వస్తారు. నేను వచ్చింది సోమవారం, ఈ మాటలు జరిగింది మంగళవారం.

తిరిగి వచ్చే దారిలో నాగన్న మంద ఎదురైంది. నాగన్న గొల్లవాడు, మూడువందల జీవాలు ఉన్నాయి. విత్తనం వేసేముందు ప్రతి వేసవిలో ఓబుల్‌రెడ్డి చేలో పది దినాలు మంద కట్టేవాడు. ఆ పెంటతోనే చేనికి బలం, అక్కడ వేరే ఎరువు లేదు. ఈసారి ఎప్పుడు కడతావని ఓబుల్‌రెడ్డి అడిగాడు. ఈసారి కట్టనన్నాడు నాగన్న. ప్రతి ఏడూ ఇచ్చే గింజలకు రెట్టింపు ఇస్తానన్నా ఒప్పుకోలేదు. కోపం లేదు, మర్యాదగానే చెప్పాడు.

"సాయంత్రానికి కలివి కింద పండ్లు రాలింటాయి రెడ్డీ. మ్యాకలు అవి తిని ఆడనే నెమరేసుకుంటా పడుకుంటాయి. ఈ పొద్దు సగం లేదు, బేస్తవారానికి అంతా ఉండదు. నువ్వు పిలిస్తే నేనొస్తా. మ్యాకలు రావు."

మంద దుమ్ము లేపుకుంటూ పక్క చేనికి పోయింది. ఓబుల్‌రెడ్డి చాలాసేపు అటే చూశాడు.

వాన

ఆ మధ్యాహ్నమే రోహిణిలో రాని వాన వచ్చింది. ముందు సుడిగాలి, తరువాత పేలాలు వేగినట్టు చినుకులు, గంటలోపే ఆగిపోయింది. గట్టు ఏమైందో చూద్దామని ఓబుల్‌రెడ్డి పరిగెత్తాడు. నేనూ వెనకే పరిగెత్తి రెండుచోట్ల జారిపడ్డాను.

కొండ మీది నీళ్లు పెరికిన వైపు గుంతల్లోంచి దారి చేసుకుని ఎర్రగా చేలోకి దూకుతున్నాయి. పోతూ పోతూ పైమన్నంతా ఊడ్చుకుపోయి, గులకరాళ్లు మాత్రం మనకు వదిలాయి. కలివి ఉన్న వైపు అవే నీళ్లు పొదల మొదట్లో రాలిన ఆకుల్లో చిక్కుకుని, నిమ్మళంగా ఇంకుతూ, మిగిలినవి సన్నగా కిందికి వస్తున్నాయి. ఎనిమిది కాగితాలలో నేను రాయని సంగతి గంట వాన చెప్పింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఓబుల్‌రెడ్డి వంగి గుప్పెడు మన్ను తీసుకుని, ఏం చేయాలో తోచక మళ్లీ అక్కడే పోశాడు.

"వక్కాకు ఇచ్చినానప్పా" అన్నాడు.

జాబు

బుధవారం పొద్దున చెన్నమ్మ పంచలో కూర్చుని చాటలో కలివి పండ్లు ఏరుతోంది. చేతులు మోచేతుల దాకా ఊదా రంగు. నన్ను పిలిచి, కాగితమూ కలమూ తెమ్మంది. కోస్తా ఆయనకు తను చెబుతాను, నేను జాబు రాసిపెట్టాలట. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అయినా కూర్చున్నాను. పారిపోవడానికి బండి కూడా లేదు.

ఆమె చెబుతూ పోయింది, నేను ఆమె మాటల్లోనే రాశాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది కాబట్టి అక్షరం మార్చకుండా ఇస్తున్నాను.

"అయ్యా, నీ పేరు నాకు తెలీదు. నువ్వు, నీ ఇంటోళ్లు చల్లగుండండి. మా కలివిని పనికిరానిదని రాసినావంట. అది నేను పుట్టకముందు నుంచీ ఉండాది. కొండంతా ఎండినా అది పచ్చగానే ఉంటాది. కరువొచ్చిన ఏడు మా ఇంట్లో గింజ లేదు. పండ్లు తిన్యాము, కాయలు ఉడకేసుకోని తిన్యాము, బతికినాము. పందికి అది కంచె, మన్నుకి అది కట్ట. దాని కింద కలివికోడి అని ఒక పిట్ట ఉండాది. పగటిపూట కనపడదు, పొదల సందున పరిగెత్తుతాది. దానికి పేరు పెట్టిందే కలివి. కలివి పోతే దాన్ని ఏమని పిలవాల? నువ్వు శానా చదివినోడివి. ఒక్క తూరి వచ్చి చూసి రాసింటే బాగుండు."

అక్కడ నా కలం ఆగిపోయింది. ఎంత మందం తోలు అయినా అంతకు మించి ఓర్వలేదు.

"అమ్మా, ఆ జాబు రాసింది నేనే" అన్నాను.

ఆమె నా మొహం చూసింది, చొక్కా మీది మరక చూసింది. రెండు పండ్లు ఏరి పక్కన వేసింది.

"అయితే స్టాంపు మిగిలె" అంది.

సిగ్గుతో చచ్చిపోతున్నాననీ, క్షమించమనీ ఏదో గొణిగాను. ఆమె చాట కింద పెట్టింది.

"నువ్వు చూడక రాస్తివి నాయనా. మావోడు దినామూ చూస్తా పెరికించె. సిగ్గు ఎవరు పడాల్నో నువ్వే చెప్పు."

తరువాత అసలు సంగతి చెప్పింది. ఓబులుకు నోటిమాట చెవికెక్కదట. తను రెండేళ్లుగా అరుస్తున్నది ఇంట్లో మాట, నాది కాగితం మీద మాట. పెరకమన్న కాగితం వచ్చింది కాబట్టి వద్దన్న కాగితం కూడా రావాలి. మరి వక్కాకు సంగతేమిటని అడిగాను. "వక్కాకు మనుషులకిచ్చినాము గానీ గడ్డపారలకి కాదు గదా" అంది. పని మార్చవచ్చు, మాట మారదు.

ఆమె చెప్పినట్టే రాశాను. ఈసారి ఒక్క కాగితం. బేస్తవారం వచ్చే కూలీలతో పెరికిన సగానికి రాళ్లకట్ట వేయించమని. పొద్దున జీవాలను కలివి ఉన్న సగంలో మేపి, సాయంత్రం ఆ కట్ట వెంబడే మంద కట్టమని నాగన్నను అడగమని. మేకలు నెమరేసి ఉమ్మిన గింజలు, పెంటలో పడ్డ గింజలు, వానకు అక్కడే మొలుస్తాయని. కలివిని చేత్తో నాటితే బతకదట, మేక నోట పడి వచ్చినదే బతుకుతుందట. అది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

కవరులో పెట్టి, అంటించి, పైన ఓబుల్‌రెడ్డి పేరు రాసి, భోజనానికి కూర్చున్నప్పుడు అతని చేతికిచ్చాను. ఎదురుగా ఉన్న మనిషికి కవరేమిటని అతను అడగలేదు. కళ్లజోడు తెచ్చుకుని, నిలబడే చదివాడు. మడిచి, మళ్లీ విప్పి చదివాడు.

"ఇందులో మాట ఎవరిదప్పా?"

"మీ అత్తది. రాత నాది."

"ముందు జాబులో మాట?"

"పుస్తకాలది" అన్నాను.

లోపలి నుంచి చెన్నమ్మ సంగటి చల్లారిపోతాందని కేక వేసింది. ఓబుల్‌రెడ్డి జాబును జేబులో పెట్టుకున్నాడు. తింటున్నంతసేపూ ఒక చేత్తో ఆ జేబు తడుముకుంటూనే ఉన్నాడు. నాకు మాత్రం ఆమె ఆ రోజు ముద్ద పెద్దదే పెట్టింది.

ఇంటికి వచ్చాక

బేస్తవారం తెల్లవారి నేను బండెక్కేటప్పుడు పదిమంది కూలీలు గడ్డపారలు భుజాన వేసుకుని చేనివైపు పోతున్నారు. ఓబుల్‌రెడ్డి వాళ్లకంటే ముందు నడుస్తున్నాడు. ఏం జరిగిందో చూడకుండానే బస్సు పట్టుకోవలసి వచ్చింది. దారి పొడుగునా, ఓర్వకల్లు రాళ్లు రాకపోయినా, ఎక్కడ పచ్చటి పొద కనిపించినా కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. కలివికోడిని మాత్రం చూడలేకపోయాను. అది అందరికీ కనపడే పిట్ట కాదట.

రాళ్లు తప్ప ఏముందని మా బావమరిది మళ్లీ అడిగాడు. కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. అడిగినందుకు అతను ఇప్పటికీ పశ్చాత్తాపపడుతున్నాడు. వ్యవసాయం మీద వ్యాసాలు రాయడం మానలేదు గానీ, చూడని నేల గురించి రాయడం మానేశాను. అందువల్ల వ్యాసాలు బాగా తగ్గాయి.

శ్రావణంలో ఓబుల్‌రెడ్డి జాబు వచ్చింది, వెంట చిన్న జాడీతో పచ్చడి. కూలీలు ముందు తగువుపడ్డా చివరికి రాళ్లు మోశారట. నాగన్న రెండు రోజులు తిప్పించుకుని మూడోరోజు వచ్చాడట. మంద తొమ్మిది దినాలు కట్ట వెంబడి పడుకుందట. ఇప్పుడు రాళ్ల సందుల్లో వేలెడంత మొలకలు లేచాయి, మేకలు కొరకకుండా ముళ్లకంప వేశాం, ముళ్లచెట్టుకు ముళ్లకంచె వేసే రోజులొచ్చాయి చూడు అని రాశాడు. అవి గట్టంత కావడానికి ఎన్నేళ్లు పడుతుందని అత్తను అడిగితే, నేను చూసేది కాదులే, అయివారిని వచ్చి చూడమను అందట.

జాబు కింద అతని సంతకం పక్కన ఒక వేలిముద్ర ఉంది. అత్త తనూ వేస్తానందట. ఇంట్లో సిరా అయిపోతే ఆఖరి కాపులోంచి ఒక పండు చిదిమి వేసిందట. మా ఆవిడ ఉతికి ఉతికి విసిగిపోయిన ఆ తెల్ల చొక్కా తెచ్చి జాబు పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే రంగు. చొక్కా చినిగేదాకా ఉతకవద్దని చెప్పాను.